చిత్త కింద మూడున్నర పిడికిళ్లు: ఉగాది రాత్రుల్లో విశాఖ తీరం నుంచి దక్షిణాకాశాన్ని ఫోటోలో చూడటం

గెలాక్సీలూ నెబ్యులాలూ ఫోటో తీయాలంటే అరకో లంబసింగో వెళ్లాల్సిందేనని విశాఖలో ఒక నమ్మకం ఉంది. నెత్తిమీదుగా వెళ్లే వస్తువులకు అది నిజమే. దక్షిణాన దిగంతానికి దగ్గరగా తిరిగేవాటికి మాత్రం కొండల మధ్య లోయ పనికిరాదు. వాటికి కావాల్సింది అడ్డులేని దక్షిణ దిక్కు, ఆ దిక్కున దీపాలు లేకపోవడం. ఆ రెండూ మనకు సముద్రం ఇస్తుంది. ఉత్తర భారతంలో చెట్ల చాటున మునిగిపోయే ఒమేగా సెంటారీ అనే నక్షత్ర గుచ్ఛం ఇక్కడ 25 డిగ్రీల ఎత్తుకు లేస్తుంది. దానికి సరిగ్గా పైన, నాలుగున్నర డిగ్రీల దూరంలో సెంటారస్-ఏ గెలాక్సీ ఉంది. మామూలు 135 మిల్లీమీటర్ల లెన్సులో రెండూ ఒకే ఫ్రేములో పడతాయి. అదే రాత్రి వీటికంటే రెండున్నర గంటలకు పైగా ముందే కెరీనా నెబ్యులా (వాయువు, దుమ్ముల మేఘం) దక్షిణాన నిలబడుతుంది. అంటే నెబ్యులా, గెలాక్సీ, గుచ్ఛం మూడూ ఒక్క రాత్రిలో, ట్రాకర్ (ఆకాశంతో పాటు కెమెరాను తిప్పే పరికరం) లేకుండా ఉత్త ట్రైపాడ్ మీద దొరుకుతాయి.

ఎప్పుడు, ఎక్కడ

ఉగాది పట్టుకోండి. అమావాస్య మర్నాడే కదా, ఆ రాత్రుల్లో చంద్రుడి బెడద ఉండదు. ఫాల్గుణ బహుళ దశమి నుంచి చైత్ర శుద్ధ షష్ఠి దాకా అర్ధరాత్రికి అటూ ఇటూ ఆకాశం చీకటిగానే ఉంటుంది. చైత్ర పౌర్ణమికి చంద్రుడు చిత్త దగ్గరే ఉంటాడు కాబట్టి అటువైపు పోవద్దు. ఒమేగా సెంటారీ సరిగ్గా దక్షిణానికి వచ్చే వేళ మార్చి 20 ప్రాంతంలో రాత్రి ఒకటిన్నర, ఏప్రిల్ 10 ప్రాంతంలో పన్నెండుంపావు. రోజుకు నాలుగు నిమిషాలు ముందుకు జరుగుతుంది. అది 20 డిగ్రీల ఎత్తుకు పైన ఉండేది మొత్తం మూడున్నర గంటలకు పైనే, కాబట్టి తొందరపడనక్కర్లేదు. కెరీనా నెబ్యులా మాత్రం మార్చి 20కి పదిముప్పావుకు, ఏప్రిల్ 10కి తొమ్మిదిన్నరకు దక్షిణాన ఉంటుంది. అదీ 12 డిగ్రీల ఎత్తు మాత్రమే. దాన్ని ముందు ముగించుకోవాలి.

చోటు విషయంలో తీరం ఎటు తిరిగి ఉందో గమనించాలి. మన తీరం ఈశాన్యం నుంచి నైరుతికి వాలుగా సాగుతుంది. ఆర్కే బీచ్‌లో నిలబడితే నైరుతి వైపు డాల్ఫిన్స్ నోస్ కొండ, దాని మీద లైట్‌హౌస్, వెనక పోర్టు దీపాలు. వాటికి తోడు బీచ్ రోడ్డు ఎల్ఈడీలు. గోడె వెంకట జగ్గారావు 1840లో డాబాగార్డెన్స్‌లో సొంత అబ్జర్వేటరీ నెలకొల్పినప్పటి చీకటి ఊరి నడుమ ఇప్పుడు లేదు. భీమిలి వైపు పోయినకొద్దీ నగరం మీకు నైరుతిలో మిగిలిపోతుంది, నేరుగా దక్షిణాన ఉత్త సముద్రం. పోర్టులోకి రావడానికి లంగరు వేసుకున్న ఓడల దీపాలు దిగంతం మీద కనిపిస్తాయి, కానీ అవి 12 డిగ్రీల ఎత్తుకు రావు. దీపస్తంభం మీ వెనక ఉన్నా సరే, లెన్సు ముందు గాజు మీద వెలుగు పడకూడదు. లెన్సు హుడ్ తప్పనిసరి.

ఈ తీరంలో నౌకాదళం స్థలాలు ఉన్నాయి. వాటి గోడల దగ్గర, గేట్ల దగ్గర ట్రైపాడ్ పెట్టకండి. వెళ్లేముందు దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌లో ఒక మాట చెప్పి వెళితే అర్ధరాత్రి ఎవరైనా అడిగినా ఇబ్బంది ఉండదు. విమానాలు తిరిగే ఊరు కనుక నక్షత్రాలు చూపించడానికి గ్రీన్ లేజర్ అసలు వాడొద్దు.

సామాను

ఏ డీఎస్ఎల్‌ఆర్ అయినా చాలు. కింద లెక్కలన్నీ కెనాన్ 600డీ లాంటి ఏపీఎస్-సీ (ఫుల్ ఫ్రేమ్ కంటే చిన్న సెన్సర్ ఉన్న) కెమెరాకు వేసినవి. దాని పిక్సెల్ సైజు 4.3 మైక్రాన్లు. 135 మిల్లీమీటర్ల లెన్సుతో ఒక్కో పిక్సెల్‌లో 6.6 ఆర్క్‌సెకన్ల (ఆర్క్‌సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు) ఆకాశం పడుతుంది. సూత్రం ఇది: 206తో పిక్సెల్ సైజును గుణించి, మిల్లీమీటర్లలో ఫోకల్ లెంగ్త్‌తో భాగించాలి. మీ కెమెరా వేరైతే మీ అంకెలు వేసుకోండి. పాత మాన్యువల్ 135 ఎఫ్/2.8 లెన్సు అడాప్టర్‌తో బ్రహ్మాండంగా పనిచేస్తుంది. కిట్‌తో వచ్చే 55-250 జూమ్ అయితే 135 దగ్గర ఎఫ్/5 ప్రాంతంలో ఉంటుంది. అంటే వెలుగు మూడో వంతుకు పడిపోతుంది, ఫ్రేముల సంఖ్య మూడింతలు చేయాలి.

ఇంకా కావాల్సినవి: బరువైన ట్రైపాడ్, ఇంటర్వలోమీటర్ (వరసగా ఫ్రేములు తనంతట తీయించే రిమోట్), రెండు బ్యాటరీలు, 5 వోల్టుల లెన్స్ హీటర్ పట్టీ, పదివేల ఎంఏహెచ్ పవర్ బ్యాంక్ (పట్టీకి నాలుగైదు గంటలు వస్తుంది), బ్లోయర్, ఒక పాత తెల్ల పంచె. ట్రైపాడ్ కాళ్ల కింద పెట్టడానికి మూడు చెక్కముక్కలు. ఈ చెక్కలు మరిచిపోతే రాత్రంతా వృథా. ఇసుకలో ట్రైపాడ్ నెమ్మదిగా దిగిపోతూనే ఉంటుంది.

ఎన్ని సెకన్లు

భూమి తిరగడం వల్ల ఖగోళ మధ్యరేఖ మీది నక్షత్రం సెకనుకు 15 ఆర్క్‌సెకన్లు జరుగుతుంది. ధ్రువాల వైపు పోయినకొద్దీ ఆ వేగం తగ్గుతుంది. ఒమేగా సెంటారీ మధ్యరేఖకు 47.5 డిగ్రీలు దక్షిణాన ఉంది కనుక అక్కడ వేగం సెకనుకు 10 మాత్రమే. 2 సెకన్లకు 20 ఆర్క్‌సెకన్లు, అంటే మూడు పిక్సెళ్లు. చుక్క గుండ్రంగానే కనబడుతుంది. చాలామంది వల్లించే 500 రూల్ (500ను ఫోకల్ లెంగ్త్‌తో భాగిస్తే వచ్చినన్ని సెకన్లు) ఫిలిం కాలం నాటిది, దాన్ని నమ్మితే గీతలే వస్తాయి. కెరీనా ఇంకా దక్షిణాన ఉంది, దానికి 2.5 సెకన్లు పెట్టొచ్చు.

2 సెకన్లలో గెలాక్సీ ఏం పడుతుందని సందేహం వస్తుంది. ఒక్క ఫ్రేములో దాదాపు ఏమీ కనబడదు. పని చేసేది మొత్తం సమయం. ఫ్రేములు నాలుగింతలైతే చిత్రం నాణ్యత రెండింతలవుతుంది. మనకు కావాల్సింది 200 ఫ్రేముల చొప్పున నాలుగు సెట్లు, అంటే 800 ఫ్రేములు, దాదాపు 27 నిమిషాల వెలుగు. ఐఎస్‌ఓ 1600, ఎఫ్/2.8, రా ఫార్మాట్. హిస్టోగ్రామ్ (కెమెరా చూపే వెలుగు గ్రాఫ్) గుట్ట ఎడమ గోడకు అంటుకోకుండా కాస్త విడిపడి ఉంటే చాలు. లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్, లెన్సులో స్టెబిలైజర్, ఆటోఫోకస్ మూడూ ఆపేయండి. మొదటిది ఆపకపోతే ప్రతి ఫ్రేము తర్వాత కెమెరా అంతే సమయం ఖాళీగా కూర్చుంటుంది, రాత్రి సగం పోతుంది.

ఫోకస్ స్వాతి మీద చేయండి. లైవ్ వ్యూలో 10 రెట్లు పెద్దది చేసి, చుక్క అతిచిన్నగా అయ్యేదాకా రింగును తిప్పి, దాటించి, మళ్లీ వెనక్కి తెచ్చి, అక్కడ టేపు వేయండి. గంటకోసారి సరిచూడాలి.

ఎలా గురిపెట్టాలి

సప్తర్షి మండలం తోక వంపును అలాగే సాగదీస్తే నారింజ రంగు స్వాతి, ఇంకా సాగదీస్తే తెల్లని చిత్త వస్తాయి. చిత్త, సెంటారస్-ఏ, ఒమేగా సెంటారీ మూడూ దాదాపు ఒకే నిలువు గీత మీద ఉన్నాయి. అందుకే చిత్త దక్షిణానికి వచ్చినప్పుడు నేరుగా దాని కిందికి చూడాలి. చెయ్యి బారుగా చాచి పిడికిలి బిగిస్తే దాని వెడల్పు సుమారు 10 డిగ్రీలు. చిత్త నుంచి మూడున్నర పిడికిళ్లు దిగితే ఒమేగా సెంటారీ. భీమిలి చీకట్లో అది కంటికే మసక చుక్కలా తగులుతుంది. నక్షత్ర పటాలు గీసిన బేయర్ 1603లో దానికి నక్షత్రంలా ఒమేగా అనే అక్షరం తగిలించాడంటే తప్పుపట్టలేం. నక్షత్రం కాదని 1677లో గుర్తించింది ఖగోళవేత్త హేలీ. కెరీనాకు గుర్తు త్రిశంకు (సదరన్ క్రాస్ అనే శిలువ ఆకారపు చుక్కలు): దాని నుంచి కుడివైపుకు, అంటే పడమటికి, ఒక పిడికిలి పైచిలుకు.

కెమెరాను నిలువుగా తిప్పండి. నిలువు వైపు 9.4 డిగ్రీలు, అడ్డంగా 6.3 డిగ్రీలు దొరుకుతాయి. గెలాక్సీ పైన, గుచ్ఛం కింద హాయిగా ఇముడుతాయి. వస్తువులు ఎడమ నుంచి కుడికి జరుగుతూ పోతాయి, పది నిమిషాల్లో దాదాపు 1.75 డిగ్రీలు. కనుక రెండింటినీ ఫ్రేము మధ్య గీతకు ఒక డిగ్రీ ఎడమగా పెట్టి మొదలుపెట్టండి. 200 ఫ్రేములయ్యేసరికి అవి మధ్యను దాటి కుడికి వెళతాయి. మళ్లీ గురిపెట్టి రెండో సెట్. ఇలా మళ్లీ మళ్లీ గురిపెట్టడం కాస్త విసుగే, కానీ మేలు చేస్తుంది. ప్రతిసారీ ఫ్రేమింగ్ కొంచెం మారుతుంది కాబట్టి సెన్సర్ మచ్చలు ఒకే దారిన గీతల్లా పేరుకోవు.

సెట్టుకు ఒకసారైనా ఒక ఫ్రేమును పెద్దది చేసి చుక్కల ఆకారం చూడండి. అన్ని చుక్కలూ అడ్డంగా సాగి ఉంటే ఎక్స్‌పోజర్ ఎక్కువైంది. నిలువుగా సాగి ఉంటే ట్రైపాడ్ ఇసుకలో దిగుతోంది. ఒక ఫ్రేములో ఒకలా, మరో ఫ్రేములో మరోలా వణికి ఉంటే గాలి: ట్రైపాడ్ కాళ్లు ముడిచి పొట్టిగా చేయండి, మధ్య కడ్డీ ఎత్తొద్దు. మూలల్లో మాత్రమే రెక్కల్లా ఉంటే అది లెన్సు గుణం, ఎఫ్/4కి దించితే తగ్గుతుంది.

ఉప్పు, తేమ

ఇక్కడ పరికరాన్ని పాడుచేసేది చీకటి కాదు, గాలి. హీటర్ పట్టీని మొదటి ఫ్రేము కంటే ముందే లెన్సు ముందు అంచుకు చుట్టి ఆన్ చేయండి. మంచు పట్టాక వేస్తే ఆరడానికి అరగంట. ప్రకాశవంతమైన చుక్కల చుట్టూ మెత్తని వలయాలు మొదలైతే లెన్సు మసకబారుతోందని అర్థం. వెంటనే గుడ్డతో తుడవకండి, ఉప్పు రేణువులు గాజును గీకేస్తాయి. బ్లోయర్‌తో ఊదండి, ఇంటికెళ్లాక లెన్సు ద్రవంతో తుడవండి. తిరిగొచ్చేటప్పుడు కెమెరాను సిలికా జెల్‌తో సహా సంచిలో మూసి, ఇంట్లో గంటసేపు అలాగే ఉంచాలి. ఏసీ గదిలోంచి బయటికి తెచ్చేటప్పుడూ ఇదే నియమం. ట్రైపాడ్ కాళ్లు మంచినీళ్ల తడిగుడ్డతో తుడిచి ఆరబెట్టండి. బీరువాలో పడేసిన లెన్సుకు మన ఊళ్లో ఒక్క వర్షాకాలంలోనే ఫంగస్ పట్టేయగలదు, 40-50 శాతం తేమ ఉండే డ్రై బాక్సులో దాచండి.

దిద్దుబాటు ఫ్రేములు

సెన్సర్ సొంతంగా చేర్చే నాయిస్‌ను తర్వాత తీసేయడానికి డార్క్, బయాస్ అనే ఫ్రేములు కావాలి. ఆఖరి సెట్ కాగానే, కెమెరా చల్లదనం మారకముందే, లెన్సు మూత పెట్టి అదే 2 సెకన్లు, అదే ఐఎస్‌ఓతో 30 డార్క్ ఫ్రేములు. తర్వాత అతి తక్కువ ఎక్స్‌పోజర్‌తో 50 బయాస్ ఫ్రేములు. ఇక ఫ్లాట్లు. వీటిని మానేసేవాళ్లే ఎక్కువ, అక్కడే చిత్రం చెడుతుంది. లెన్సు మూలల నలుపు, దుమ్ము నీడలు పోవాలంటే ఫ్లాట్లే దిక్కు. పంచెను నాలుగు మడతలు వేసి లెన్సు మీద ముడతలేకుండా బిగించి, తెల్లవారుతున్న ఆకాశం వైపు తిప్పి, హిస్టోగ్రామ్ గుట్ట మధ్యలోకి వచ్చే ఎక్స్‌పోజర్‌తో 30 తీయండి. ఫోకస్ రింగు గానీ అపర్చర్ గానీ కదిలితే ఆ ఫ్లాట్లు చెల్లవు. దిద్దిన చిత్రంలో మూలలు నల్లగా కాక తెల్లగా మెరిస్తే, అసలు ఆకాశపు ఫ్రేముల నుంచి డార్క్ లేదా బయాస్ తీసేయడం మరిచిపోయారని చాలావరకు అనుకోవచ్చు.

కంప్యూటర్ మీద

ఫ్రేములను దిద్ది కలిపే (స్టాక్ చేసే) సిరిల్ సాఫ్ట్‌వేర్ ఉచితం, విండోస్‌లోనూ లినక్స్‌లోనూ నడుస్తుంది. లైట్స్, డార్క్స్, ఫ్లాట్స్, బయాసెస్ అని నాలుగు ఫోల్డర్లు ఇంగ్లిషు స్పెల్లింగులో, చిన్న బడి అక్షరాలతో పెట్టి, కలర్ కెమెరా స్క్రిప్టు నడిపితే అదే కలిపేస్తుంది. జాగ్రత్త పడాల్సింది డిస్కు గురించి. 18 మెగాపిక్సెళ్ల ఫ్రేము రంగులు విడదీసి 32 బిట్లలో రాస్తే 216 ఎంబీ. 200 ఫ్రేములకు 43 జీబీ, అలైన్ చేసిన ప్రతులకు మరో 43. సెట్టింగుల్లో 16 బిట్లకు మారిస్తే సగం. అయినా నాలుగు సెట్లూ ఒకేసారి వేయొద్దు. సెట్టు సెట్టుగా స్టాక్ చేసి, మధ్యలో పుట్టిన ఫైళ్లు చెరిపేసి, చివర్లో నాలుగు ఫలితాలను 32 బిట్లలో కలపండి. ఆ నాలుగూ విడివిడిగా కూడా దాచుకోండి, కింద పనికొస్తాయి. సిగ్మా రిజెక్షన్ (మిగతా ఫ్రేములతో పొసగని పిక్సెళ్లను వదిలేసే సెట్టింగు) 3, 3 దగ్గర ఉంటే ఉపగ్రహాల గీతలూ విమానాల దీపాలూ వాటంతటవే పోతాయి.

కలిపిన చిత్రంలో కింది భాగం, అంటే దిగంతం వైపు, తప్పక కాస్త తెల్లబారి ఉంటుంది. దాన్ని సరిచేసే బ్యాక్‌గ్రౌండ్ ఎక్స్‌ట్రాక్షన్‌లో నమూనా గళ్లు గుచ్ఛం మీద, గెలాక్సీ మీద, వాటి అంచుల పొగ మీద పడకుండా చేత్తో తీసేయండి. పడితే గెలాక్సీ చుట్టూ నల్లని ఉంగరం పుడుతుంది. అది ఆకాశంలో లేనిది, మనం కల్పించింది. తర్వాత ప్లేట్ సాల్వ్ (చిత్రం ఆకాశంలో ఏ చోటిదో సాఫ్ట్‌వేర్ గుర్తించడం), ఆపైన ఫొటోమెట్రిక్ కలర్ కాలిబ్రేషన్. 25 డిగ్రీల ఎత్తున వెలుగు నెత్తిమీదికంటే దాదాపు 2.4 రెట్ల మందమైన గాలిలోంచి వస్తుంది, అందుకే అంతా ఎర్రబారి ఉంటుంది. కంటి అంచనాతో కాక కేటలాగ్ నక్షత్రాల రంగులతో సరిచేయడమే న్యాయం. స్ట్రెచింగ్ (మసక భాగాల వెలుగు పెంచడం) ఆ తర్వాతే, ముందు కాదు. నక్షత్రాల రంగులు నిలవాలంటే ఏసిన్‌హెచ్ పద్ధతి మంచిది. ఏఐతో నాయిస్ తీసే సాధనాల జోలికి ఈ దశలో పోకండి. లేని మెరుగులు దిద్దిన చిత్రం గోడకు బాగుంటుంది, పరిశీలనకు పనికిరాదు.

చిత్రంలో చూడటం

అసలు పని ఇప్పుడు మొదలవుతుంది. మన స్కేలులో నిండు చంద్రుడు దాదాపు 270 పిక్సెళ్లు. అంత వెడల్పు వృత్తం గీసి ఒమేగా సెంటారీ మీద పెట్టండి. గుచ్ఛం ఆ వృత్తాన్ని దాటి బయటికి చిమ్మి ఉంటుంది. 17 వేల కాంతి సంవత్సరాల దూరంలో కోటి దాకా నక్షత్రాలు ఉన్న ముద్ద అది. నడిమి భాగం మన లెన్సుకు విడిపోదు, అంచులు మాత్రం సన్న రవ్వ చల్లినట్టు విడివిడిగా కనిపించాలి. అంచులు కూడా పాలలా కలిసిపోయి ఉంటే ఫోకస్ తప్పింది.

పైన సెంటారస్-ఏ, సుమారు 1.2 కోట్ల కాంతి సంవత్సరాలు. చిత్రాన్ని నెగెటివ్ చేసి, నూరు శాతం సైజులో చూడండి. గుండ్రని పసుపుపచ్చ మసకను ఒక దుమ్ము పట్టీ అడ్డంగా కోస్తుంది, మన చిత్రంలో కొన్ని పిక్సెళ్ల మందం. ఉత్తరం పైకి, తూర్పు ఎడమకు ఉంటే ఆ పట్టీ ఎడమ కింద నుంచి కుడి పైకి వాలుతుంది. దానికి ఎదురుగా, ఎడమ పై నుంచి కుడి కిందికి వాలి ఉంటే ఏదో ఒక దశలో చిత్రం అద్దంలో బొమ్మలా తిరగబడింది.

కెరీనాను వేరే స్టాక్ చేస్తారు కదా, అందులో నెబ్యులా వెయ్యి పిక్సెళ్లకు పైగా పరుచుకుంటుంది. ఎరుపు హైడ్రోజన్‌ది, 656.3 నానోమీటర్లు. మామూలు కెమెరా సెన్సర్ ముందున్న ఫిల్టరు ఆ వెలుగులో ఎక్కువ భాగాన్ని ఆపేస్తుంది కనుక పాలిపోయిన గులాబీగానే వస్తుంది. దాన్ని బలవంతంగా ఎర్రగా చేయకండి.

ఇక ఆ విడి సెట్ల సంగతి. ఏదైనా మసక మచ్చ కనిపించి, ఇదో చిన్న గెలాక్సీ ఏమో అనిపిస్తే, మొదటి రెండు సెట్లను ఒకటిగా, చివరి రెండింటిని ఒకటిగా కలిపి పక్కపక్కన పెట్టండి. రెండింట్లోనూ నక్షత్రాల మధ్య అదే చోట ఉంటే ఆకాశంలోది. ఒకదాంట్లోనే ఉంటే, లేదా గురి మార్చినప్పుడు నక్షత్రాలతో పాటు కదలకుండా సెన్సర్ మీద అదే చోట నిలిచి ఉంటే, లెన్సులో ప్రతిబింబమో దుమ్మో. రెంటిలోనూ ఉన్నదాన్ని స్టెల్లారియం అనే ఆకాశ పటం సాఫ్ట్‌వేర్‌లోనో, అలాడిన్ అనే సాఫ్ట్‌వేర్‌లోని ఆకాశ సర్వే చిత్రాలతోనో పోల్చి పేరు కనుక్కోండి. ఆ పేరు, తేదీ, సెట్ల సంఖ్య, ఆ రాత్రి గాలీ తేమా ఎలా ఉన్నాయో ఫిట్స్ ఫైలు (సిరిల్ దాచే చిత్రం) పక్కనే ఒక చిన్న నోట్‌గా రాసి దాచండి. వచ్చే ఉగాదికి తీసిన సెట్లను ఇదే స్టాక్‌కు కలపొచ్చు, అదే లెన్సు, అదే కెమెరా ఉంటే చాలు.